శరీరము వెలుపల సజీవముగా కాలేయము

పీకిన నారు వాడకమునుపే నాటవలెనని మనమెల్లర మెరుగుదుము. మరణించిన దాతనుండి తీసిన కాలేయము సంగతియు నట్టిదే. దానిని మంచుపెట్టెలో నుంచి రోగియున్న చోటికి చేర్చుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. కాని సుమారు 12 గంటలకు మించి అట్లుంచుట క్షేమము కాదు. పైగా, అది సరిగా పనిచేయునో లేదో రోగికి అమర్చిన పిదపగాని తెలియదు. ఈ సందేహముచే వైద్యులు కొన్ని కాలేయములను విడిచిపెట్టవలసి వచ్చుచున్నది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు వేరొక మార్గమును వెదకిరి. పంది కాలేయము పరిమాణమునందును, రక్తప్రసారమునందును మానవ కాలేయమును పోలియుండును గావున మొదట దానిపై ప్రయోగములు జరిపిరి. గొట్టములు కలిపి, పంపు ద్వారా 37 డిగ్రీల వెచ్చని రక్తమును, ప్రాణవాయువును, పోషక పదార్థములను అందించిరి. 2002లో ప్రకటించిన ప్రయోగమున పంది కాలేయము ఇట్లు 72 గంటలు పనిచేసెను. పైత్యరసము స్రవించుట అది పనిచేయుచున్న దనుటకు ఒక గుర్తు.

2013లో లండను నగరమున ఈ విధముగా కాపాడిన కాలేయమును తొలిసారి రోగికి అమర్చిరి. 2018లో వెలువడిన ఐరోపా పరిశీలనలో, మంచుపెట్టె పద్ధతితో పోల్చగా, విడిచిపెట్టిన కాలేయముల సంఖ్య సగమునకు తగ్గెను.

అయినను యంత్రము కాలేయమును కాపాడగలదే గాని సృష్టింపజాలదు. మెదడు మృతిచెందినదని వైద్యులు నిర్ధారించినపుడు, దగ్గరి బంధువులు సమ్మతించిననే దానము జరుగును. ఇందులకై తెలుగు రాష్ట్రములు రెంటను జీవన్‌దాన్ పథకము కలదు. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని గ్రామసభలలో వివరింపవలెనని కోరుచున్నాము.