గాదె, గరిసె, పాతర

పంట పండించుట యొక విద్య. పండిన గింజను కాపాడుకొనుట వేఱొక విద్య. ఈ రెండవదానిని గూర్చి రైతు సోదరులకు నాలుగు మాటలు విన్నవింపఁ దలఁచితిమి.

మన పెద్దలు ధాన్యముంచు చోటులకు వేర్వేఱు పేళ్లు పెట్టిరి. సీమనుబట్టి పేళ్లు కొంత మాఱినను, ప్రతి పేరు వెనుకను ఒక పద్ధతి కలదు. ఇంట ధాన్యము పోసికొను కొట్టు గాదె. వెదురుబద్దలతో నల్లి పేడమట్టితో మెత్తినది గరిసె. అది కొలతకును పేరే. చెన్నపట్టణపు ఆంగ్లేయుల లెక్కలలో ‘గార్సు’ అయినది ఈ మాటయే. గడ్డివెంటిని చుట్లుగాఁ జుట్టి నడుమ వడ్లు పోసినది పురి, ఇది వరిసీమలది. పుల్లలచెరువు వంటి మెట్టసీమలకుఁ దగినది పాతర.

నీరూరని గట్టినేలలో గోయి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, ఎండిన జొన్నలు పోసి, మూతిని బండతోను మట్టితోను మూయుదురు. లోపల ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసుగాలి పెరుగును, పురుగు బ్రదుకదు. అయితే ఆ గాలి మనుష్యునికిని మృత్యువే. పాతర తెఱచిన వెంటనే దిగరాదు. లోని గాలి పూర్తిగా మాఱనిండు. దీపము దింపి చూచుట పాత యాచారము. అది యాఱినచో దిగనే కూడదు, వెలిగినను నిశ్చింత పనికిరాదు. ఒకఁడు లోపలఁ బడిపోయినచో, వానిని తీయఁబోయి రెండవవాఁడు దిగుట రెండు చావులకు దారి.

‘గాదెక్రింది పందికొక్కు’ అను మాట ఊరక పుట్టలేదు. జపానువారికిని ఈ బాధ కలదు. వారు ధాన్యపుఁ గొట్టును ‘కుర’ అందురు. స్తంభములపై నెత్తుగాఁ గట్టిన కుర ‘తకకుర’. ఎలుక ప్రాఁకకుండ స్తంభముల తలలకు అడ్డముగా పలకలు బిగించి, వానికి ‘ఎలుకను మఱల్చునది’ అని పేరిడిరి. మందమైన మట్టిగోడలకు సున్నము పూసిన కురలు అగ్నిభయమునుండి సరకును కాచెడివి. దేశము వేఱైనను సూత్ర మొక్కటే: చెమ్మ, ఎలుక, పురుగు, నిప్పు, వీనిని దూరముంచుట.

నిలువఁజేయఁ జోటులేని రైతు కళ్లములోనే, వర్తకుఁడు చెప్పిన ధరకే అమ్ముకొనును. గింజను పండ్లక్రింద పటుక్కుమనునట్లు ఎండఁబెట్టుఁడు. తేమ నూటికి 12 పాళ్లు మించరాదు. ఇంటఁ జోటు చాలనిచో గిడ్డంగి కలదు. 2007 సంవత్సరపు గిడ్డంగుల చట్టము ననుసరించి నమోదైన గిడ్డంగి యిచ్చు రసీదుపై అప్పు పుట్టును. ధర వచ్చువఱకు ఆఁగవచ్చును. ఒక్కని గాదె చిన్నది. పదుగురు కూడినచో గిడ్డంగియే మన గాదె.

మీ యింటి పెద్దలను పాతర త్రవ్విన తీరు, గరిసె మెత్తిన తీరు అడిగి తెలిసికొనుఁడు. మాట పోయినచో దానితో పని తెలివియుఁ బోవును.