ఇంజిన్ ఒకటే.. లాగే బరువు ఎందుకు మారింది?

రెండు జీప్ రాంగ్లర్లు. రెండింటిలోనూ అదే 3.6 లీటర్ల వి6 పెట్రోల్ ఇంజిన్, అదే 285 హార్స్‌పవర్. అమెరికాలో రెండు డోర్ల రాంగ్లర్‌కి 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కేజీలకు మించిన ట్రైలర్ తగిలించొద్దంటుంది కంపెనీ. నాలుగు డోర్ల బండికి టోయింగ్ ప్యాకేజీ ఉంటే 3,500 పౌండ్లు, అంటే 1,588 కేజీల దాకా ఓకే అంటుంది. ఎందుకని?

చాలామంది జవాబు కోసం ఇంజిన్ వైపు చూస్తారు. కానీ ఇంజిన్ మారలేదుగా! మారింది ముఖ్యంగా వీల్‌బేస్. చిన్నదానికి 2.46 మీటర్లు, పెద్దదానికి 3.01 మీటర్లు. ఆటోమొబైల్ రంగంలో కోర్ జాబ్ కోసం చూస్తున్నవాళ్లకు ఇదో మంచి కేస్ స్టడీ. ఫస్టియర్ మెకానిక్స్ గుర్తుంటే చాలు.

కాగితం మీద గీయండి

రాంగ్లర్ లాంటి బండి వెనక చిన్న ట్రావెల్ ట్రైలర్ కట్టుకుని వీకెండ్‌కి అడవుల వైపు వెళ్లడం అమెరికాలో మామూలే. లోపల పరుపు, వెనక చిన్న వంటగట్టు ఉండే ‘టియర్‌డ్రాప్’ రకాలు ఇలాంటివే. ట్రైలర్ ముందుభాగం బండి హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. మొత్తం ట్రైలర్ బరువులో ఇది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అక్కడి లెక్క.

900 కేజీల ట్రైలర్, 90 కేజీల టంగ్ వెయిట్ అనుకుందాం. హిచ్ వెనక యాక్సిల్‌కి 0.9 మీటర్ల దూరంలో ఉందనుకోండి. వెనక యాక్సిల్ దగ్గర మొమెంట్స్ తీస్తే, పొట్టి బండిలో ముందు చక్రాల మీద సుమారు 33 కేజీల బరువు తగ్గుతుంది. వెనక యాక్సిల్ మీద పడేది 90 కాదు, 123 కేజీలు! పొడుగు బండిలో ముందు తగ్గేది 27 కేజీలే. లోడెక్కువైన ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేవడం ఊళ్లలో చూసే ఉంటారు. ఇంచుమించు అదే సూత్రం.

ఆరు కేజీల తేడాకేనా ఇంత గోల? కాదు. అసలు కథ పక్కనుంచి తోపు వచ్చినప్పుడు మొదలవుతుంది.

తోక ఊగితే..

పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్తే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు హిచ్ ద్వారా బండి వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. వీల్‌బేస్ పొట్టిగా ఉంటే ఆ నెట్టుడును ఎదుర్కొనే లివర్ ఆర్మ్ కూడా తక్కువే. స్పీడు ఎక్కువైతే ఊపు తగ్గకుండా పెరుగుతూ పోయి, బండి బోల్తా కూడా పడొచ్చు.

బండి మీద భారం తగ్గిద్దామని సామానంతా ట్రైలర్ వెనక సర్దడం ప్రమాదకరం. టంగ్ వెయిట్ తగ్గి ఊపు పెరుగుతుంది. 60 శాతం బరువు ట్రైలర్ యాక్సిల్‌కి ముందువైపే ఉండాలి. బ్రిటన్‌లోని బాత్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ప్రచురించిన పేపర్ కూడా ట్రైలర్ మొత్తం బరువు కన్నా ఆ బరువు ఎక్కడెక్కడ ఉందన్నదే స్థిరత్వానికి కీలకమని తేల్చింది.

స్పీడు సంగతీ అంతే. ట్రైలర్ లాగే బండ్లకు కాలిఫోర్నియాలో గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు. దాన్ని 105 చేస్తే గాలి నిరోధం 40 శాతం పైనే పెరుగుతుంది. ఊపు మొదలైతే గట్టిగా బ్రేక్ వేయకూడదు, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి స్పీడు తగ్గనివ్వాలి. ఇప్పటి బండ్లలో ఈ పని సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది. యా రేట్ సెన్సర్ ఊపును పసిగడితే, కంప్యూటర్ ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి ఇంజిన్ టార్క్ తగ్గిస్తుంది.

మీకేంటి లాభం?

అంటే ఇది మెకానికల్ వాళ్ల సబ్జెక్ట్ మాత్రమే కాదు. సెన్సర్లు, కంట్రోల్ సిస్టమ్స్, ఎంబెడెడ్ కోడ్.. ఈసీఈ, ఈఈఈ, సీఎస్‌ఈ వాళ్లకూ ఇందులో చోటుంది. జీప్ మాతృసంస్థ ఎఫ్‌సీఏ (ఇప్పుడు స్టెలాంటిస్) 2020 డిసెంబర్‌లో 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లోనే గ్లోబల్ డిజిటల్ హబ్ ప్రకటించింది. అంటే ఈ రంగం మనకు మరీ దూరమేమీ కాదు.

ప్రాజెక్ట్ టాపిక్ కోసం వెతుకుతుంటే దీన్నే తీసుకోండి. కారు, ట్రైలర్‌లతో చిన్న మోడల్ రాసి, మ్యాట్‌ల్యాబ్‌లోనో పైథాన్‌లోనో స్పీడు పెంచుతూ, బరువు జరుపుతూ ఊపు ఎక్కడ మొదలవుతుందో గ్రాఫ్ గీయండి. రెజ్యూమెలో ‘మ్యాట్‌ల్యాబ్ వచ్చు’ అని రాసుకోవడం కన్నా ఆ ఒక్క గ్రాఫే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంకో ప్రశ్న మీకు వదిలేస్తున్నా. 2024 మోడల్‌లో నాలుగు డోర్ల రాంగ్లర్ రూబికాన్ పరిమితి 5,000 పౌండ్ల దాకా పెరిగింది. అందుకు కంపెనీ చూపించింది కొత్త ఇంజిన్‌ని కాదు, ఫుల్ ఫ్లోట్ వెనక యాక్సిల్‌ని. అందులో బండి బరువు యాక్సిల్ షాఫ్ట్ మీద పడదు, బయటి హౌసింగ్ మోస్తుంది. అలా అయితే షాఫ్ట్ మీద మిగిలే లోడ్ ఏంటి? కాగితం తీసుకుని మొదలుపెట్టండి.