ప్రయోగశాల నుండి పొలానికి: శాస్త్రవేత్త స్థాపించే సంస్థకు పెట్టుబడి

ప్రయోగశాలలో మంచి ఫలితమిచ్చిన ప్రతి సాంకేతికతా రైతు పొలానికి చేరదు. ఆ దూరాన్ని దాటించేది పెట్టుబడి. ఎంత ధనం వచ్చిందన్న దానికంటే, అది ఫలితం కోసం ఎంతకాలం వేచి ఉండగలదన్నదే ముఖ్యం.

శాంతా బయోటెక్నిక్స్ అనుభవం

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో ఈ సంస్థను స్థాపించారు. అప్పట్లో హెపటైటిస్-బి టీకా దిగుమతి అయ్యేది; ధర సామాన్యులకు అందేది కాదు. జన్యు పునఃసంయోజన పద్ధతిలో టీకా తయారీ దేశానికి కొత్త కావడంతో బ్యాంకులు రుణానికి వెనుకాడాయి. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడితో పని సాగింది. పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సీసీఎంబీలో జరిగింది. ఈస్టు కణాలలో ఉత్పత్తి చేసిన షాన్‌వ్యాక్-బి 1997 ఆగస్టులో విడుదలైంది. అమ్మకాలు లేని ఆ నాలుగేళ్లను భరించిన ధనమే టీకాను నిలబెట్టింది.

జీవశాస్త్రవేత్త కాని స్థాపకుడు శాస్త్రవేత్తలను కూడగట్టుకున్నారు. శాస్త్రవేత్తే స్థాపకుడైనప్పుడు మార్కెట్టు, అనుమతులు, ఆర్థిక వ్యవహారాలు తెలిసినవారిని తొలినుండే చేర్చుకోవాలి.

పంటకాలమే గడువు

నేడు తొలిదశకు గ్రాంట్లున్నాయి. బైరాక్ సంస్థ ‘బిగ్’ పథకం 18 నెలలకు రూ. 50 లక్షల వరకు, ఆర్‌కేవీవై పథకం రూ. 25 లక్షల వరకు సహాయం అందిస్తున్నాయి. అయితే 18 నెలలంటే మూడు పంటకాలాలే. నిధులు జూలై దాటి వస్తే ఒక వానాకాలం పోయినట్లే. కనుక ప్రతి విడత ధనంతో ఒక్క సందేహాన్నైనా తీర్చాలి: మొదట పొలంలో పనితనం, తరువాత నిల్వ కాలం, ఆపై ఉత్పత్తి ఖర్చు. తీరిన ప్రతి సందేహమూ తదుపరి పెట్టుబడిదారుని భయాన్ని తగ్గిస్తుంది.

ముందుగా పాటించవలసినవి

• పేటెంటు దరఖాస్తుకు ముందే వ్యాసం ప్రచురిస్తే నవ్యత సాధారణంగా కోల్పోతాము.
• సూక్ష్మజీవి రకంపై హక్కు విశ్వవిద్యాలయానిదైతే, పెట్టుబడి కోరకముందే లైసెన్సు ఒప్పందం కుదుర్చుకోవాలి.
• జీవ క్రిమిసంహారకాలకు 1968 క్రిమిసంహారకాల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సెక్షన్ 9(3బి) కింద లభించే తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు రెండేళ్లు. కాబట్టి విషప్రభావం, నిల్వ సామర్థ్యాల పరీక్షలను ముందుగానే ప్రారంభించాలి.

ఇందులో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకమైనది. వేర్వేరు నేలల్లో, రైతుల యాజమాన్యంలో నిర్వహించిన ప్రదర్శనా క్షేత్రాల ఫలితాలను, విఫలమైన వాటితో సహా నమోదు చేస్తే, కొత్త సంస్థకు అంతకు మించిన ఆధారం ఉండదు.