ఆరో మునక తరువాత



రెండవ రాజుల గ్రంథము 5వ అధ్యాయంలోని నయమాను కథ మనకు సండేస్కూలు నాటి నుండి తెలిసినదే. సిరియా సైన్యాధిపతి, పేరుగలవాడు, అయితే కుష్ఠరోగి. రథాలతో, గుర్రాలతో ఎలీషా ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. ప్రవక్త బయటికైనా రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని మనిషి చేత కబురు పంపాడు. సాధారణంగా మనం ఏడో మునక మీదనే ప్రసంగాలు వింటాము. ఆసుపత్రిలో పనిచేసేవారికి మాత్రం ఆరో మునక ఎక్కువగా గుర్తుకు వస్తుంది. ఆరుసార్లు మునిగి లేచేటప్పటికి అతని చర్మం ఎలా ఉన్నదో బైబిలు చెప్పదు. బాగుపడినట్టు చెప్పినది ఏడో మునక తరువాతే. ఆరోసారి లేచి తన చేతులు చూసుకున్న ఆ మనిషి, మళ్ళీ నీళ్ళలోకి దిగడానికి ఏమని ధైర్యం చెప్పుకున్నాడో!

మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాలలో ఈ శోధన తిరగబడి వస్తుంది. మన రోగులకు మూడో మునకకే ఒళ్ళు బాగున్నట్టు అనిపిస్తుంది.

చలిజ్వరం సంగతే చూడండి. మలేరియాలో వైవాక్స్ అనే రకం ఉన్నది. క్లోరోక్విన్ మాత్రలు మూడు రోజులు మింగితే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి పనికి పోతాడు. కాని ఆ క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో, కొత్తగా దోమ కుట్టకపోయినా, అదే మళ్ళీ లేస్తుంది. దానిని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు వేసుకోవాలి. నాలుగో రోజు నుండి పద్నాలుగో రోజు వరకు ఒంట్లో జ్వరం ఉండదు, మాత్ర మాత్రం ఉంటుంది. అట్ట సగంలో ఆగిపోయేది ఇక్కడే. (గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఈ మాత్ర ఇవ్వకూడదు. అన్నం తిన్న తరువాతే వేసుకోవాలి. మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. కొందరి రక్తానికి ఇది సరిపడదు.)

క్షయవ్యాధి అయితే ఇంకా పెద్ద పరీక్ష. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్ళు కొద్దిగా చేస్తుంది. అంతలో జనవరి వస్తుంది, మిరపకోతలు మొదలవుతాయి. కూలికి కుటుంబమంతా మూటలు కట్టుకొని ఊరు దాటుతుంది. అవి ముగిసేసరికి ఎండాకాలం, తునికాకు. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్ళజూసే రోజులు అవే. మందుల కోసం ఆ కూలి వదులుకోమని చెప్పడం మనకు తేలిక, ఆ ఇంటికి కాదు. అందుకే మధ్యలో మానినవారిని మందలించే ముందు కొంచెం ఆలోచించాలని నా మనవి. వెళ్ళేచోట మందు అందే ఏర్పాటు ఎవరైనా చేసి ఉంటే మానేవారు కారేమో. అయితే మానితే జరిగేదానిలో మార్పు లేదు. మిగిలిన క్రిములు మందుకు లొంగని క్రిములవుతాయి. ఆ దగ్గు ముందు తాకేది ఇంట్లోని పసిపిల్లలనే.

మన సంఘాలలో ఇంకొక కారణం కూడా వినబడుతున్నది. కాస్త నెమ్మదించగానే, దేవుడు ముట్టాడు, ఇక మందు వాడితే అవిశ్వాసమని రోగి చేత మాత్రలు పారేయించే బోధకులు కొందరున్నారు. వారి ప్రార్థనను నేను తక్కువ చేయను. కాని వారు చదివే బైబిలులోనే హిజ్కియా రాజు ఉన్నాడు. మరణకరమైన రోగంలో గోడవైపు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. ప్రార్థనకు జవాబు వచ్చిన తరువాతనే ఆ ముద్ద పెట్టారు! దానిని అవిశ్వాసమని యెషయాకు చెప్పగలవారు ఎవరు?

నయమాను దగ్గరకు మళ్ళీ వద్దాము. అతడు మొదట కోపంతో వెనక్కి తిరిగాడు. తమ దేశపు నదులు ఇశ్రాయేలు నీళ్ళకంటే మంచివి కావా అన్నాడు. అతనిని నదిలోకి దింపినది ప్రవక్త కాదు, వెంట వచ్చిన దాసులు. దగ్గరకు పోయి, తండ్రీ అని పిలిచి, నచ్చజెప్పారు. అంతకు ముందు ఎలీషా పేరు ఆ ఇంట్లో పలికినది చెరపట్టబడిన ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల పేరుగాని, ఆ దాసుల పేర్లుగాని గ్రంథంలో లేవు. పరిచర్య అనగానే మనకు మైకులు, కూటములు, శిబిరాలు తోస్తాయి. ఈ కథలో పరిచర్య అంటే కోపంగా ఉన్న రోగి పక్కన నిలబడి, ఇంకొకసారి దిగండి అయ్యా అని చెప్పడమే.

మన నేల మీదనే ఇటువంటి ఉదాహరణ ఒకటున్నది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో పాత ఆనకట్టను చాలామంది చూసే ఉంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, గోదావరి మీద ఎగువదాకా పడవలు నడపాలని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకంలోని భాగమది. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ అనే క్రైస్తవుడు. చుట్టూ ఉన్న కోయ ప్రజలకు సువార్త చెప్పేవారు లేరని భారపడి, ప్రార్థించి, చర్చి మిషనరీ సొసైటీని కదిలించాడు. ఆ పనులలోనే ఉద్యోగంలో ఉన్న వెంకటరామరాజు గారు ప్రభువును నమ్మి, ఉద్యోగం విడిచి, కోయల మధ్య పరిచర్యకు దిగారు. తరువాత గురువుగా అభిషేకం పొందారు.

జ్వరాలకు పేరుపడిన పనులవి. ఖర్చు పెరిగింది, మరోపక్క రైళ్ళు వచ్చాయి. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలివేసింది. పనివారు వెళ్ళిపోయారు. మిషను వెళ్ళలేదు. ఆ దశాబ్దంలోనే జాన్ కెయిన్ దొర అక్కడికి వచ్చి, కోయ భాష నేర్చి, వారి ఆచారాల గురించి వ్రాశారు. లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చారు. లూకా వైద్యుడని పౌలు పత్రికలో చదువుతాము. మంచి సమరయుని కథ నాలుగు సువార్తలలో లూకాలో మాత్రమే ఉన్నది. దారిన పడి ఉన్న మనిషి గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, మిగతా ఖర్చు తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్న సమరయుడు ఆ విధంగా కోయ భాషలో పలికాడు. తిరిగి వస్తాననడం నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టం.

చలిజ్వరానికి దోమ కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసినది 1897 ఆగస్టు 20న. ఎందుకు వస్తున్నదో తెలియని జ్వరం మధ్య, పని ఆగిపోయిన ఊరిలో, వారు ఉండిపోయారు.

గోదావరి పొంగినప్పుడు రావడానికి అందరికీ మనసు వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులు దాటినప్పుడు, 2022 జూలైలో 71.3 అడుగులు చేరినప్పుడు, బియ్యం, దుప్పట్లు మోసుకొని ఎంతోమంది వచ్చారు. దేవునికి స్తోత్రము. అయితే నీళ్ళు తీసిన తరువాత గుంటలలో దోమలు పెరుగుతాయి, జ్వరాలు వస్తాయి. అప్పటికి లారీలు వెళ్ళిపోతాయి. ఇల్లిల్లూ తిరిగేది ఊరి ఆశా కార్యకర్త ఒక్కతే. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గుత్తికోయల గుంపులకు చాలాచోట్ల సరైన బాట కూడా లేదు. అక్కడ ఒక రక్తపరీక్ష చేయాలంటే ఆమె వాగు దాటాలి.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు సహోదరీలకు ఒక విన్నపం. మీ సంఘంలో క్షయ మందులు వాడేవారు ఉంటే, వారు ఒప్పుకుంటే, ఒకరిని తోడుగా ఏర్పరచండి. నలుగురిలో పేరు చదివి ప్రార్థన చేయించవద్దు, ఆ జబ్బు పేరుతో పెళ్ళిళ్ళు ఆగిపోయిన ఇళ్ళున్నాయి. తోడుగా ఉన్నవారు రోజూ ఇంటికి వెళ్ళి, మాత్ర మింగేదాకా కూర్చుంటే చాలు. కూలికి వేరే ఊరు పోతున్నారని తెలిస్తే వారం ముందే ఆసుపత్రిలో చెప్పండి. వెళ్ళేచోట మందు దొరికేలా కాగితం వ్రాసి ఇస్తారు. క్షయ రోగులకు ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలుపెట్టిన పోషకాహార సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలయ్యింది. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది గనుక, ఖాతా లేనివారికి తెరిపించి పెట్టండి. చలిజ్వరం మాత్రలు ఇంటికి తీసుకువెళ్ళినవారిని ఎనిమిదో రోజున ఒకసారి పలకరించండి. జ్వరం ఎలా ఉన్నదని కాదు, అట్టలో ఇంకా ఎన్ని ఉన్నాయని అడగండి.