నీట మునిగిన వరి

వరి నీటి పైరే కదా, మునిగిన నష్టమేమి యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. మొదలు నీటిలో నుండుట వేరు, మొవ్వుతో సహా మునుగుట వేరు. గోదావరి డెల్టాలో సార్వా నాట్లు పడిన పిమ్మట వానలు పట్టి, మురుగు కాలువలు లాగక, చేలు వారము పది దినములు మునిగియుండుట రైతులెరిగిన కష్టమే. అట్టి ముంపులో సాధారణ రకములు చచ్చును. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఏ అను రకము మాత్రము రెండు వారముల వరకు తాళును. ఈ భేదమునకు కారణమేమో విచారింతము.

మొక్కలోని ప్రతి కణములోను దాదాపు జన్యువులన్నియు ఉండును గాని, అన్నియు ఒక్కమారే పనిచేయవు. పూర్వము కరణము దస్త్రములో ఊరి లెక్కలన్నియు ఉన్నను, అడిగినదానికే నకలు వ్రాసి యిచ్చెడివాడు. అట్లే కణము అప్పటికి కావలసిన జన్యువులకే ఆర్.ఎన్.ఏ. అను నకలు తీయును. ఆ నకలును బట్టి మాంసకృత్తు తయారగును. దీనినే జన్యు వ్యక్తీకరణమందురు. ఎండ, చలి, చవుడు, ముంపు మొదలగు కష్టములలో ఏ నకళ్ళు పెరిగినవి, ఏవి తగ్గినవి యని లెక్కించుట ఒక ప్రత్యేక పరిశోధన.

ఇందుకై నారును తొట్టిలో ముంచి, కొన్ని గంటల కొకమారు ఆకులు తీసి, నకళ్ళు చెడక మునుపే ద్రవ నత్రజనిలో గడ్డకట్టింతురు. నీట ముంచని నారుతో పోల్చిచూతురు. వేలకొలది జన్యువులలో మార్పు కనిపించును. కాని మారినదెల్ల కారణము కాదు. ఫిలిప్పీన్సు, కాలిఫోర్నియాలలోని శాస్త్రజ్ఞులు 2006లో సబ్-1ఏ అను జన్యువును గుర్తించి, దానిని ముంపునకు తాళని రకములో చేర్చి చూచిరి. ఆ రకమును తాళినది. అప్పుడే విషయము రుజువైనది.

అది చేయు పని యిది. నీటిలో వాయువులు గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా కదలును. అందుచే మునిగిన మొక్కలో పుట్టిన ఇథిలీను వాయువు బయటికి పోలేక పేరుకొనును. సాధారణ వరి దానిని విని, పైకి తేలవలెనని ఆకులను సాగదీసి, కూడబెట్టిన పిండిపదార్థమునెల్ల వ్యయముచేసి, నీరు తీయునప్పటికి నీరసించి పడిపోవును. సబ్-1ఏ గల మొక్కలో అదే ఇథిలీను ఈ జన్యువును మేల్కొల్పును. అది ఎదుగుదలను అదిమి, నిల్వను కాపాడును. నీరు తీసిన పిమ్మట మొక్క ఆ నిల్వతో మరల చిగుర్చును. కొన్ని రకములలో ఈ జన్యువు అసలే లేదు. మరికొన్నిట ఉన్నను ముంపువేళ దాని నకళ్ళు స్వల్పము.

పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన స్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణ రకము ఒడిశా, వంగదేశముల వరకు వ్యాపించినది. ఆ స్వర్ణతోనే మరల మరల సంకరము చేసి, ప్రతి తరమునను ఈ జన్యుభాగమున్న మొక్కలను ఏరి, స్వర్ణ-సబ్1ను రూపొందించిరి. అది 2009లో మన దేశమున విడుదలైనది. ముంపు లేని ఏట దాని దిగుబడి స్వర్ణతో సమానమే.

అయినను ముంపు రెండు వారములు మించినచో, లేక పూతవేళ వచ్చినచో, ఈ జన్యువు పైరును ఆదుకొనజాలదు. విత్తనము రైతునకు గడువు నిచ్చును. ఆ గడువులోగా చేని నీటిని తీయవలసినవి మురుగు కాలువలే.