ముందు బొమ్మ... తర్వాత బండి
తలకు దెబ్బ తగిలినవారి తరలింపులో జాప్యం తగ్గే మార్గం

అమలాపురం: దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీదనుంచి జారిపడినా, కాలువగట్టున మోటారు సైకిలు బోల్తాపడినా, తలకు దెబ్బ తగిలిందంటే బంధువులను వేధించే ప్రశ్న ఒక్కటే. ఎక్కడికి తీసుకెళ్లాలి? అమలాపురం నుంచి కాకినాడకైనా, రాజమండ్రికైనా సుమారు 60 కిలోమీటర్లు. రాజోలు, సఖినేటిపల్లి వైపు లంక గ్రామాలవారికి కాకినాడ మరింత దూరం. తీరా వెళ్లాక ఒకచోట మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉండడు, మరోచోట పడక ఖాళీ ఉండదు. ఈ తిరుగుడులోనే విలువైన గంటలు గడిచిపోతాయి.

2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 వాహనాలు ప్రమాదస్థలం నుంచి ఆస్పత్రికి చేరే బాధను చాలావరకు తీర్చాయి. చిక్కంతా ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి పంపే దగ్గరే.

గంటల లెక్క

పుర్రె లోపల రక్తం గడ్డకడితే మెదడు నలుగుతుంది. మొదట బాగానే మాట్లాడిన మనిషి కొద్ది గంటలకే మగతలోకి జారిపోవచ్చు. మెదడు పైపొర కింద రక్తం చేరిన 82 మందిపై అమెరికా వైద్యులు 1981లో ఒక పరిశీలన ప్రకటించారు. నాలుగు గంటలలోపు శస్త్రచికిత్స జరిగినవారిలో 30 శాతం మంది, ఆలస్యమైనవారిలో 90 శాతం మంది మరణించారని అందులో తేలింది. తర్వాతి పరిశీలనలన్నిటిలో ఇంత తేడా కనబడకపోయినా, ఆలస్యం చేటన్న విషయంలో వైద్యులది ఒకే మాట.

లోపల రక్తస్రావం ఉందో లేదో పైకి చూసి తేల్చడం కష్టం. 1971లో లండన్‌లో తొలిసారి రోగికి తీసిన సి.టి. స్కాన్ ఆ చిక్కు విప్పింది. స్కాన్ యంత్రాలు నేడు పట్టణాలకూ వచ్చాయి. బొమ్మ చూసి కోత అవసరమో కాదో నిర్ణయించే నిపుణులు మాత్రం ఎక్కువగా నగరాలలోనే ఉన్నారు. మనిషిని కదిలించకముందే బొమ్మలను కంప్యూటర్ ద్వారా వారికి పంపితే సలహా త్వరగా అందుతుంది. శస్త్రచికిత్స కావలసినవారు నేరుగా థియేటరు సిద్ధంగా ఉన్న చోటికి వెళతారు. కనిపెట్టి ఉంటే చాలనుకున్నవారు దగ్గరి ఆస్పత్రిలోనే ఉండవచ్చు. వారి కుటుంబాలకు అంబులెన్సు ఖర్చు, పరాయి ఊరి బస తప్పుతాయి.

మన రాష్ట్రంలోనే నాంది

దూరవైద్యానికి మన రాష్ట్రంలోనే నాంది పలికారు. చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో ఆస్పత్రిని చెన్నై నిపుణులతో కలిపే కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. స్కాన్ బొమ్మలు ముందుగా పంపడం వల్ల అనవసర తరలింపులు తగ్గాయని హాంకాంగ్ వైద్యులు 1997లోనే ప్రకటించారు.

పాటించవలసినవి

ఫిల్మును సెల్‌ఫోనుతో ఫొటో తీసి పంపితే సన్నని రక్తపు చార, పుర్రెపై నెరియ కనబడకపోవచ్చు. మొత్తం బొమ్మలు ఉన్న అసలు ఫైలే పంపాలి. దానితోపాటు స్పృహ కొలత, కంటిపాపల తీరు, రక్తపోటు తెలపాలి. స్పృహను 3 నుంచి 15 వరకు అంకెలతో కొలిచే గ్లాస్గో పద్ధతి 1974 నుంచి వాడుకలో ఉంది. ఊపిరి, రక్తపోటు నిలకడపడకుండా బండి ఎక్కిస్తే దారిలోనే మెదడు మరింత దెబ్బతింటుంది. అయితే ప్రాణాపాయం కళ్లెదుట కనబడుతుంటే బొమ్మ కోసం బండిని ఆపరాదు.

మొదటి స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా అశ్రద్ధ కూడదు. వాంతులు ఆగకపోయినా, మగత పెరిగినా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా వెంటనే వైద్యునికి చెప్పాలి.

కోనసీమ, గోదావరి జిల్లాల ప్రాంతీయ ఆస్పత్రుల నుంచి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి నిపుణులకు రాత్రింబవళ్లు బొమ్మలు చేరే మార్గం, వాటిని చూసి బదులిచ్చే వైద్యుడు, పడక ఖాళీ చెప్పే ఒకే ఫోను నంబరు, ఈ మూడూ కలిసి ఉండాలి. యంత్రం ఒక్కటే ఉంటే చాలదు. అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి ఉన్నప్పుడే ఆ బొమ్మ ప్రాణం నిలుపుతుంది. ఆరోగ్యశాఖ అధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసి ఉంది.