1.10 పెద్దదా, 1.9 పెద్దదా? వెర్షన్ నంబర్ల అసలు లెక్క

ఈరోజు ఒక చిన్న ప్రశ్న. 1.10 పెద్దదా, 1.9 పెద్దదా?

లెక్కల మాస్టారిని అడిగితే 1.9 అంటారు. కరెక్టే. కానీ సాఫ్ట్‌వేర్‌లో 1.10 అనేదే కొత్తది. ఇక్కడ చుక్క దశాంశ బిందువు కాదండి, రెండు అంకెల మధ్య గోడ, అంతే.

మన కొల్లేరునే తీసుకోండి. ఐదో కాంటూరు, మూడో కాంటూరు అని పేపర్లో చదువుతుంటాం కదా. అది సముద్రమట్టం నుంచి అడుగుల్లో ఎత్తు. అక్కడ 4.9 అంటే 4.10 కంటే ఎత్తే. అదే ఏలూరులో డోర్ నంబర్ చూడండి. 5-9 తర్వాత 5-10 వస్తుంది. 5-10ని 5-1 పక్కనే వెతికితే పార్సిల్ తెచ్చిన కుర్రాడు వీధంతా తిరగాల్సిందే. వెర్షన్ అనేది డోర్ నంబర్ లాంటిది.

మరి కంప్యూటర్ ఎక్కడ తడబడుతుంది? ప్రోగ్రామ్ రాసినవాళ్లు వెర్షన్‌ని మామూలు అక్షరాల్లా పోల్చమంటే, ఒక్కో అక్షరం చూస్తుంది. చుక్క తర్వాత 1, 9 కనబడతాయి. 9 పెద్దది, అయిపోయింది అనుకుంటుంది. ఇంకో రకం, దశాంశంగా చదవడం. 2021 అక్టోబర్‌లో పైథాన్ 3.10 వచ్చింది. యామిల్ ఫైల్లో కోట్స్ లేకుండా 3.10 అని రాస్తే అది 3.1 అయిపోయేది!

2009లో ఒపేరా బ్రౌజర్ 10 వచ్చినప్పుడు ఇంకా తమాషా. కొన్ని సైట్లు మొదటి అంకె ఒక్కటే చూసి, వెర్షన్ 1 అనుకునేవి. అందుకని ఒపేరా తనని తాను 9.80 అని చెప్పుకుని, అసలు నంబర్ చివర్లో పెట్టింది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 100కి చేరేముందు కూడా, మూడంకెలకి సైట్లు తట్టుకుంటాయా అని ముందే టెస్ట్ చేశారు.

ఇది నవ్వుకుని వదిలేసేది కాదండి. సెక్యూరిటీ లోపాన్ని 1.10లో సరిచేశారనుకోండి. టూల్ 1.9యే కొత్తదనుకుంటే "అంతా అప్‌డేట్‌గానే ఉంది" అంటుంది. తలుపు తెరిచే ఉంటుంది, మనం మాత్రం గడియ పెట్టాం అనుకుంటాం.

డెబియన్ లినక్స్ దీనికి పద్ధతి పెట్టింది. వెర్షన్‌ని అంకెల ముక్కలు, అక్షరాల ముక్కలుగా విడగొట్టి, అంకెల్ని పూర్తి సంఖ్యలుగా పోలుస్తుంది. టిల్డే గుర్తు ఉంటే ముందుది. అంటే 2.0~ఆర్‌సీ1 తర్వాతే 2.0. నంబర్ల పద్ధతే మార్చేసి 2023 నుంచి 1.0కి దిగితే, ముందు "1:" తగిలిస్తారు. దాన్ని ఎపాక్ అంటారు.

అయితే అన్ని టూల్స్‌కీ ఒకే రూల్ లేదు. సెమ్‌వర్‌లో హైఫన్ పెట్టి ఆర్‌సీ అంటే అసలు రిలీజ్ కంటే పాతది. డెబియన్‌లో అదే హైఫన్ పెడితే కొత్తదైపోతుంది!

మీ ఆండ్రాయిడ్ ఫోన్ ఈ గొడవే పెట్టుకోలేదు. యాప్‌లో మనకి కనిపించే 1.10 పేరు మాత్రమే. లోపల వెర్షన్ కోడ్ అని చుక్కల్లేని సంఖ్య ఉంటుంది. ఏది కొత్తదో దాన్నిబట్టే తేలుస్తుంది.

తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఇంకెక్కడైనానో కోడ్ రాస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. వెర్షన్లు పోల్చే కోడ్ సొంతంగా రాయకండి. పైథాన్‌లో ప్యాకేజింగ్ లైబ్రరీ ఉంది, లినక్స్‌లో సార్ట్ కమాండ్‌కి క్యాపిటల్ వీ ఆప్షన్ ఉంది. వాడాక కూడా 9, 10 పక్కపక్కన పెట్టి ఒకసారి టెస్ట్ చేయండి. ఉంటానండి.